ఆ గదిలో ఒక్కతే కమల

ఆ లాండ్రీలో ఒక కట్టుబాటు ఉండేది. గోడ మీద రాసి పెట్టింది కాదు, అందరి నోళ్ళలో నానుతున్నది. ఇస్త్రీ గదిలో ఒక పేరు ఒక్క మనిషికే ఉండాలి. అదే పేరుతో రెండో మనిషి వస్తే, ఆ పేరును చెప్పులతో పాటు గుమ్మం బయట విడిచి లోపలికి రావాలి.

ఈ సంగతి తెలియని ఒక అమ్మాయి ఒక పొద్దున పనికోసం వచ్చింది. వెదురుబద్దలా సన్నగా ఉంది. నలుగురి ఎదుట మాట్లాడాలంటే నాలుక పిడచకట్టుకుపోయే రకం. యజమాని కౌంటరు వెనక కుర్చీలో కూర్చుని, పుల్లతో పళ్ళు కుట్టుకుంటూ అడిగాడు.

"పేరేంటి?"

"కమల."

అద్దాల తలుపు అవతల ఇస్త్రీపెట్టెల చప్పుడు ఆగిపోయింది. ఎవరో కిసుక్కున నవ్వారు.

"కమల ఉందిగా. ఇంకోటి చెప్పు" అన్నాడు యజమాని, కూరల బండి దగ్గర వంకాయ వద్దన్నంత తేలిగ్గా.

"ఇంకోటి లేదండి."

"ఇంట్లో ఏమని పిలుస్తారు?"

ఇంట్లో వదిన 'ఏమే' అని పిలుస్తుంది. అన్నయ్య అసలు పిలవడు, పనుంటే గొంతు సవరించుకుంటాడు. పేరు పెట్టి పిలిచిన మనిషి అమ్మ ఒక్కతే. అమ్మ పోయి చాలాకాలమైంది. కౌంటరు దగ్గర చెప్పుకునే మాటలు కావవి.

"సరేలే. పనిలో దిగితే పేరు అదే పుడుతుంది" అన్నాడాయన.

మధ్యాహ్నానికల్లా పుట్టింది కూడా. ఇస్త్రీపెట్టె అడుగున అంటుకున్న పాత గంజిని తుడవాలని ఆమెకు ఎవరూ చెప్పలేదు. తీసి నేరుగా తెల్లటి దిండు గలీబు మీద పెట్టింది. ఎత్తి చూస్తే గోధుమరంగు మచ్చ, అరచేయంత. పక్క బల్ల దగ్గరున్న ముసలామె ఆ గలీబును రెండు వేళ్ళతో పైకెత్తి గదంతా చూపించింది.

"దొరికిందమ్మా పేరు! ఇదిగో, మరక!"

గది ఘొల్లుమంది. బల్లలు ఎంత గట్టిగా కొట్టారంటే యజమాని లోపలికి తొంగిచూశాడు. ఆయనా నవ్వాడు. ఆ సాయంత్రం ఆయనే పిలిచాడు, "మరకా, ఆ బుట్ట ఇటు తే" అని. ఆయన నోట పలికాక ఇక దానికి తిరుగులేదు.

ఆ పేరు పెట్టిన ముసలామే ఆ గదికి కమల. తోటివాళ్ళు కమలక్కా అంటారు, యజమాని కమలా అంటాడు. మరక మాత్రం పెద్దమ్మా అనేది. తన పేరుతో ఇంకొకరిని పిలవడానికి ఆమెకు నోరు రాలేదు.

మధ్యాహ్నం డబ్బాలు విప్పుకుని కూర్చున్నప్పుడు పెద్దమ్మ తన పేరు గురించి చెప్పేది. రోజూ చెప్పేది. విని విని అందరికీ నోటికొచ్చేసినా, చెప్పేటప్పుడు నవ్వు పుట్టేది కాబట్టి మళ్ళీ వినేవాళ్ళు.

"మా కాలంలో ఆడపిల్ల పుడితే పేరు కోసం ఎవరూ బుర్ర బద్దలు కొట్టుకునేవాళ్ళు కాదే. చెయ్యి చాపితే కమల దొరికేది. సందెవేళ ఎవరి తల్లో గుమ్మంలోకొచ్చి 'కమలా' అని కేకేస్తే ఆరిళ్ళలోంచి 'ఆఁ' అని వినపడేది. బళ్ళో పంతులమ్మకి విసుగొచ్చి మమ్మల్ని గుర్తులు పెట్టి పిలిచేది. రెండు జడల కమల, పేల కమల, ఏడుపు కమల."

"నువ్వే కమలవి కమలక్కా?" అని అడిగేది రేడియో. గదిలో ఎవరింట్లో ఏం జరిగినా ముందు చెప్పేది ఆమే కనుక ఆమెకు ఆ పేరు వచ్చింది.

"నేను ఉట్టి కమలనే. నా ముందు ఇంకో మాట చేర్చే ధైర్యం ఎవత్తెకుంది? ఇప్పుడేవీ ఆ పేర్లు? ఇప్పటి పిల్లల పేర్లు పలకాలంటే ముందు పళ్ళు కట్టించుకోవాలి."

"నిజం కమలక్కా. మా మనవరాలి పేరు నాకు నోరు తిరగక బుజ్జీ అని సరిపెడుతున్నా" అనేది ఇంకొకామె.

"కమలమంటే తామరపువ్వే. బురదలో పుడుతుంది, బురద అంటదు. నీళ్ళలోనే ఉంటుంది, తడి అంటదు."

"తామరంటే గోక్కునే జబ్బు కూడా కదా కమలక్కా?" అనేది రేడియో.

"ఆ జబ్బు నీ నాలిక్కి రాను!"

అందరూ పొలమారేలా నవ్వేవాళ్ళు. ఆ నవ్వుల మధ్య పెద్దమ్మ చూపు మూలన కూర్చున్న అమ్మాయి మీదికి తిరిగేది. "ఈ మరకక్కూడా అదే పేరు పెట్టారట. ఏం చూసి పెట్టారో మరి. బురదంతా దీనికే అంటుకుంది" అనేది.

మరక డబ్బాకు మూత పెట్టి చెయ్యి కడుక్కునేది.

పెద్దమ్మకు ఆ పేరు ఊరికే రాలేదు. ఆ కథ రేడియో చెప్పింది. ఇప్పటి యజమాని తండ్రి, పెద్దాయన, ఉన్న రోజుల్లో ఆ గదిలో నలుగురు కమలలు ఉండేవాళ్ళు. ఒకనాడు బాయిలరు మీద ఒత్తిడి పెరిగిపోయింది. పెద్దాయన కిటికీలోంచి "కమలా, ఆవిరి కట్టెయ్!" అని అరిచాడు. నలుగురూ విన్నారు. మిగతా ముగ్గురిలో ఎవరో ఒకరు కట్టేస్తారులే అని నలుగురూ అనుకున్నారు. గొట్టం పగిలింది. దగ్గరున్న కమలకు భుజం నుంచి మణికట్టు దాకా చర్మం ఊడి, తడిసిన కాగితంలా చేతిలోకి వచ్చింది.

"మందులకేమిచ్చాడు పెద్దాయన?" అని అడిగింది మరక.

"ఇచ్చాడుగా, పేరు. ఆమె కట్టుతో తిరిగొచ్చిన రోజు అందరినీ నిలబెట్టి చెప్పాడు, 'ఇవాళ్టి నుంచి ఈ గదిలో కమలంటే ఈవిడొక్కతే' అని. మిగతా ముగ్గురికీ అక్కడికక్కడే వేరే పేర్లు తగిలించాడు. ఒకదానికి బక్క, ఒకదానికి గూని. మూడోదానికి ఏం పెట్టాడో చెబితే నువ్వు చెవులు కడుక్కోవాలి."

అప్పటినుంచి మరక పెద్దమ్మ చేతిని దొంగచాటుగా చూసేది. ముడతలు పడి, అక్కడక్కడా అద్దంలా మెరుస్తూ, గంజి ఎక్కువైన గుడ్డలా ఉండేది ఆ చెయ్యి.

ఆ లాండ్రీలో ఇంకో పద్ధతి కూడా ఉంది. ఇస్త్రీ చేసిన బట్టల కట్టకు ఎవరి ముడి వాళ్ళు వేయాలి. ముడిని చూస్తే చాలు, అది ఎవరి చేతి పనో యజమాని చెప్పేస్తాడు. ఒకామె తాడు కొసలు కుచ్చులా వదులుతుంది. రేడియో ఏకంగా మూడు ముళ్ళు వేస్తుంది. పెద్దమ్మది మెలిక ముడి. తాడును రెండుసార్లు మెలిపెట్టి, కొసను ముడి కిందికి దోపేస్తుంది. కొస ఎక్కడుందో కనపడదు. మంచి బట్టలు ఇచ్చే ఇళ్ళవాళ్ళు ఆ ముడి చూసుకుని గాని కట్ట తీసుకునేవారు కాదు.

ఆ ముడి ఇప్పుడు పెద్దమ్మకు పడటం లేదు. వేళ్ళు వణుకుతున్నాయి. కళ్ళకు పొర కమ్మింది. ఇస్త్రీ అలవాటు కొద్దీ చేస్తుంది గాని తాడు దగ్గరికొచ్చేసరికి చేతులు మొరాయిస్తాయి. ఒకరోజు మరకను దగ్గరికి పిలిచి, బల్ల చాటున ఆ ముడి నేర్పింది. పొరపాటు చేసినప్పుడల్లా తాడుతోనే వేళ్ళ మీద చురుక్కుమనిపించింది.

"ఇకమీద నా కట్టలు నువ్వే కట్టు. బయట నోరు జారావంటే నాలుక మీద ఇస్త్రీ చేస్తా."

మరక కట్టింది. రోజూ తన పనయ్యాక పెద్దమ్మ కట్టలన్నీ కట్టింది. మెప్పు రాలేదు, తిట్లు మాత్రం వచ్చాయి. అయినా ఒకనాడు ధైర్యం కూడగట్టుకుని అడిగింది.

"పెద్దమ్మా, ఎవరూ లేనప్పుడు... ఒక్కసారి నన్ను కమలా అని పిలవవా?"

పెద్దమ్మ వింతజంతువును చూసినట్టు చూసింది.

"ఒక ఒరలో రెండు కత్తులు ఇముడుతాయటే?"

"ఒక్కసారే."

"నేను పోయాక తీసుకో. అప్పటిదాకా నువ్వు మరకవే. ఏం, ఎప్పుడు పోతానా అని ఎదురుచూస్తున్నావా?" చెయ్యి చాపి చూపించింది. "దీనికి నేను చర్మం ఇచ్చాను. నువ్వేమిచ్చావు?"

మరక దగ్గర ఇవ్వడానికేమీ లేదు. కానీ 'నేను పోయాక తీసుకో' అన్న మాటను మాత్రం పాత చీర మడతలో దాచుకున్న నగలా మనసులో దాచుకుంది. ఏదో ఒకరోజు ఆ గదిలో కమలా అని పిలుపు వినపడుతుంది. తాను తలెత్తుతుంది. ఆశపడటానికి ఆమెకు లోకంలో అంతకుమించి ఏమీ లేదు.

ఆ చిన్న ఆశనూ వదిన చిదిమేసింది. ఒక సాయంత్రం పాలు పొంగి పొయ్యి ఆరిపోయింది. తప్పెవరిదన్న దగ్గర మాటా మాటా పెరిగింది. ఎప్పుడూ నోరెత్తని అమ్మాయి ఆరోజు ఒక్క మాట అంది.

"నన్ను ఏమే ఏమే అనొద్దు వదినా. నాకు పేరుంది. అమ్మ ముచ్చటపడి పెట్టుకున్న పేరు."

వదిన మసిగుడ్డ పక్కన పెట్టి తాపీగా నవ్వింది.

"ముచ్చటా? మీ అన్నయ్యని అడుగు ఆ ముచ్చటేంటో. నీకంటే ముందు ఒక పిల్ల పుట్టింది. దానికి పెట్టారు కమలని. ముద్దొచ్చేదట, బొద్దుగా ఉండేదట. ఏడాది తిరక్కుండా పోయింది. తర్వాత నువ్వొచ్చావు. కొత్త పేరు వెతికే ఓపిక లేక దాని గౌన్లతో పాటు దాని పేరూ నీకు తొడిగారు. సెకండ్ హ్యాండ్ పేరు పెట్టుకుని నీకింత టెక్కా?"

మరక అన్నయ్య వైపు చూసింది. ఆయన గొంతు సవరించుకున్నాడు. కాదని మాత్రం అనలేదు.

అమ్మ ఆ పేరు పిలిచినప్పుడల్లా గొంతు ఎందుకు జీరబోయేదో ఆమెకు అప్పుడు అర్థమైంది. ఇన్నాళ్ళూ అది తన మీద ప్రేమ అనుకుంది.

మర్నాడు ఆమె బల్ల మీదికి ఒక టేబుల్ గుడ్డ వచ్చింది. డాక్టరుగారి భార్యది. అంచు చుట్టూ చేతితో కుట్టిన తెల్లటి లేసు. ఆవిడ నాయనమ్మ కుట్టిందట. మరక దాన్ని పరిచి ఇస్త్రీపెట్టె పెట్టింది. చెవుల్లో వదిన నవ్వు తిరుగుతోంది. బొద్దుగా ఉండేదట. ముద్దొచ్చేదట. ఇంట్లో ముందు పుట్టిన కమల, ఇక్కడ ముందు వచ్చిన కమల. ఎక్కడికి వెళ్ళినా తనకంటే ముందు ఎవరో వచ్చి ఆ పేరు తొడుక్కుని కూర్చున్నారు.

వాసన వచ్చేసరికి ఆలస్యమైపోయింది. ఇస్త్రీపెట్టె ఎత్తితే గుడ్డ నడుమ దాని ఆకారమే దిగింది. చుట్టూ నల్లగా, మధ్యలో మిగిలిన గుడ్డ ముట్టుకుంటే రాలిపోయేలా ఉంది.

గదిలో ఆవిరి దట్టంగా ఉంది. ఎవరూ చూడలేదు. మరక గుడ్డను మడిచింది. కాలిన చోటు లోపలికి పోయేలా మడిచింది. అట్ట మీద పెట్టి తాడు తీసుకుంది. తన ముడి మామూలు ముడి, బూట్లకు వేసుకునే లాంటిది. వేళ్ళు ఆ ముడి వేయబోయి ఆగాయి. పక్క బల్ల మీద పెద్దమ్మ కట్టలు వరుసగా ఉన్నాయి, పొద్దుటి నుంచీ తాను కట్టినవే. పెద్దమ్మ దుప్పటి మడుస్తూ, కనపడని కళ్ళతో కిటికీ వైపు తిరిగి ఏదో కూనిరాగం తీస్తోంది.

మరక తాడును రెండుసార్లు మెలిపెట్టింది. కొసను ముడి కిందికి దోపింది. కట్టను పెద్దమ్మ కట్టల మధ్య పెట్టింది. ఆమె చేతులు వణకలేదు. ఆ సంగతి ఆమెకే ఆశ్చర్యమనిపించింది.

డాక్టరుగారి భార్య మర్నాడే వచ్చింది. ఆవిడ అరుపులకు ఎదురింటి వాళ్ళు కూడా కిటికీలు తీశారు.

"కమలా!" అని కేకేశాడు యజమాని.

పెద్దమ్మ పైటతో ముఖం తుడుచుకుంటూ వెళ్ళింది. అద్దాల తలుపు అవతలి నుంచి గదంతా చూస్తోంది. యజమాని తెగిన తాడును, ముడి చెదరకుండా, ఆమె ముఖం ముందు ఆడించాడు.

"ఇదెవరి ముడి?"

పెద్దమ్మ ముడిని చేతిలోకి తీసుకుని తడిమింది. గుడ్డను కూడా తడిమింది. కాలిన చోట వేలు గుడ్డలోంచి అవతలికి వచ్చేసింది. ఆమె తల మెల్లగా గది వైపు తిరిగింది. ఆ మసక కళ్ళకు అంతదూరం ఏమీ ఆనదని మరకకు తెలుసు. అయినా గోడకు నక్కింది.

చెప్పేస్తుంది అనుకుంది మరక. 'నా ముళ్ళన్నీ ఆ పిల్లే వేస్తోంది' అంటుంది. అయిపోయింది నా పని అనుకుంది.

"నాదే" అంది పెద్దమ్మ.

యజమాని డాక్టరుగారి భార్యకు వినపడేలా గొంతు పెంచాడు. "చెయ్యి కాలిందని మా నాన్న నీకు పేరు కట్టబెట్టాడు. ఇప్పుడు నువ్వీ గుడ్డని కాల్చావు. దీనికి ఏ పేరు కట్టబెట్టమంటావు?"

కొందరు నవ్వారు. రేడియో నవ్వలేదు గాని, వినడానికి తలుపు దగ్గరికి జరిగింది.

"అమ్మా, చూశారుగా, మీ ముందే తీసేస్తున్నాను" అని డాక్టరుగారి భార్యకు చేతులు జోడించాడు యజమాని. "ఇక ఈ లాండ్రీలో కమల ఉండదు. మీరు నిశ్చింతగా బట్టలు పంపండి."

సాయంత్రం మరక బయటికి వచ్చేసరికి గేటు పక్క అరుగు మీద పెద్దమ్మ కూర్చుని ఉంది. ఒళ్ళో ఖాళీ డబ్బా. మరక తల దించుకుని, చప్పుడు చేయకుండా దాటిపోబోయింది.

"కమలా."

మరక గిరుక్కున తిరిగింది. తిరిగాక గాని తనను ఏమని పిలిచిందో తెలియలేదు.

"చూశావా, ఎంత చప్పున తిరిగావో" అంది పెద్దమ్మ. "ఆకలిగొన్న కుక్క కూడా అంత చప్పున తిరగదు."

"పెద్దమ్మా, నేను..."

"ముడి బాగానే నేర్చావు. కొస మాత్రం ఎడమ నుంచి దోపావు. నువ్వు ఎడమచేతి వాటం. ఆ లేసు గుడ్డ నా బల్ల మీదికి రానేలేదు. నా కళ్ళు పోయాయి గాని వేళ్ళకింకా తెలుస్తుందే."

మరక ఒక అడుగు దగ్గరికి వేసింది. "తెలిస్తే... నాదే అని ఎందుకన్నావు?"

"ఏమనమంటావు? నా ముడి నేను వేసుకోలేనని చెప్పనా? చెబితే మాత్రం ఉంచేవాడా? చేతగాక పోయిందనిపించుకోవడం కన్నా కాల్చి పోయిందనిపించుకోవడం నయం." ఆమె గోడ పట్టుకుని లేచింది. "నేనిక్కడికి పొద్దున లేచి వచ్చేది కూలికోసమొక్కటే కాదు. నాకు ఇంట్లో పిలిచేవాళ్ళెవరూ లేరు. ఆ గదిలో నా పేరు వినడానికి వచ్చేదాన్ని. ఇక నువ్వు విను."

మరక ఆమె కాళ్ళ మీదికి వంగబోయింది.

"నోరు మూసుకో. కాళ్ళు పట్టుకున్నావంటే తంతాను. పిలిపించుకుంటూ బతుకు. ఎవరు పిలిచినా నీకు నా గొంతే వినపడాలి."

గోడ తడుముకుంటూ వీధి మలుపు దాకా వెళ్ళింది. వెనక్కి తిరిగి చూడలేదు.

ఆ రాత్రి మరక ఏడ్చింది. కానీ ఏడుస్తూనే, నిజం చెప్పాలంటే, రేపటి గురించి కూడా ఆలోచించింది.

మర్నాడు అందరికంటే ముందు వచ్చింది. కౌంటరు దగ్గర నిలబడింది. నాలుక ఎప్పటిలాగే పిడచకట్టింది, అయినా అడిగింది.

"అయ్యగారూ, ఇప్పుడు... ఆ పేరు ఖాళీయే కదండి. నా పేరు కమలేనండి. నన్నిక..."

యజమాని తలెత్తి చూశాడు.

"నీకేమైనా మతిపోయిందా? కమలని తీసేశామని నిన్న ఆవిడతో చెప్పానా లేదా? రేపు ఆవిడ ఇక్కడ నిలబడి ఉండగా లోపల 'కమలా' అని వినపడితే నేను అబద్ధాలకోరు అనుకోదూ? ఈ కప్పు కింద ఇక ఆ పేరు వినపడకూడదు. ఎవత్తె పలికినా దాన్నీ పంపించేస్తా. వెళ్ళు, ఇస్త్రీపెట్టెలు వేడి చెయ్యి."

మరక కదల్లేదు.

"ఏం, మరకా? చెవుడా?"

"ఆఁ అయ్యగారూ" అని ఆమె లోపలికి వెళ్ళిపోయింది.

పెద్దమ్మ బల్ల ఆమెకే ఇచ్చారు. ముడి కూడా, పేరు పోయిన ముడి. మెలిక చక్కగా కుదిరేది ఆమెకొక్కదానికే. ఆ ముడిని ఇప్పుడు మరక ముడి అంటున్నారు.

కొన్నాళ్ళకు డాక్టరుగారి భార్య మళ్ళీ వచ్చింది. కోపం చల్లారి, ఈసారి పరదాలు తెచ్చింది. ముందుగా పంపిన దుప్పట్ల కట్టను మరక తెచ్చి కౌంటరు మీద పెడితే అంచులు తడిమి చూసి మెచ్చుకుంది.

"పని శుభ్రంగా ఉందే! నీ పేరేంటమ్మాయ్?"

యజమాని కుర్చీలోంచి చూస్తున్నాడు. లోపల ఇస్త్రీపెట్టెలు ఆగాయి. మరక కట్ట మీది ముడి వైపు చూసింది. కొస ఎడమ నుంచి దోపి ఉంది.

"మరక అంటారండి."

"మరకా! లాండ్రీలో మరకా!" ఆవిడ పకపకా నవ్వింది, కళ్ళ నీళ్ళు తుడుచుకుంది. "పోనీలే, మంచిదే. ఈ పేరు నీకొక్కదానికే ఉంటుంది."

లోపలి నుంచి నవ్వు వినపడింది. అందరికంటే ముందు నవ్వింది రేడియో. మరక పరదాల మూట భుజానికెత్తుకుని తన బల్ల దగ్గరికి నడిచింది. ఇస్త్రీపెట్టె అడుగు తుడిచి, పని మొదలుపెట్టింది.